ముఖం సరే, ఒళ్ళేదీ?

మా పట్నంలో ఒక పెద్దాయన విగ్రహం పెడుతున్నారు. మట్టి నమూనా ఫొటోలు కమిటీవాళ్ళు వాట్సాప్ గ్రూపులో పెట్టగానే చర్చ మొదలైంది. ముక్కు కాస్త లావైందని ఒకరు. కళ్ళజోడు ఫ్రేము అలా ఉండేది కాదని ఇంకొకరు. "తాతయ్య నవ్వు రాలేదండీ" అని వాళ్ళ మనవడు. అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. అంతమందిలో మెడ కింద ఏముందో ఒక్కరూ మాట్లాడలేదు. లాల్చీ లోపల భుజం ఉందా, పంచె కింద మోకాలు ఉందా, మనిషి బరువు ఏ కాలి మీద ఆనింది అని ఎవరూ అడగలేదు.

గ్రూపులో రాద్దామని మొదలుపెట్టింది పొడుగైపోయి ఇక్కడికి చేరింది. హైస్కూల్లో చాలాకాలం డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, ఈ విషయం చూస్తే ఊరుకోలేను. నా మాట ముందే చెప్పేస్తాను. మన కూడళ్ళలో విగ్రహాలు జీవం లేకుండా నిలబడి ఉన్నాయంటే, వాటిని చేసేవాళ్ళకు మనిషి ఒంటిని ఏళ్ళ తరబడి చూసి మట్టిలో కట్టే చదువు మనం ఇవ్వలేదు కనక. పోలిక తర్వాత సంగతి. ఆ చదువు ఎలా ఉంటుందో, దాన్నుంచి ఎలాంటి విగ్రహాలు పుడతాయో చూపించిన ఒకాయన మద్రాసులో దాదాపు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి.

ఆయన పేరు వినని వాళ్ళు కూడా ఆయన పనిని జేబులో పెట్టుకు తిరిగారు. 2016 నవంబరులో రద్దయిన పాత 500 రూపాయల నోటు వెనక గాంధీ కర్ర పట్టుకుని ముందు నడుస్తుంటాడు, జనం వెంట వస్తుంటారు. ఢిల్లీలో సర్దార్ పటేల్ మార్గ్ మీద ఉన్న 'గ్యారహ్ మూర్తి' (పదకొండు విగ్రహాలు) శిల్పం అది. దండి యాత్ర మీద ఆయన చేసినది. ఆయన పోయాక గానీ అక్కడ నిలబడలేదు. నోటు మీద ఆ బొమ్మలో ఎవరి ముఖమూ సరిగ్గా కనబడదు. అయినా వాళ్ళు నడుస్తున్నారని, ముందున్న మనిషి వేగంగా వెళుతున్నాడని, వెనకవాళ్ళు అందుకోవడానికి ఒంగి అడుగు వేస్తున్నారని తెలిసిపోతుంది. ఒళ్ళు తెలిసినవాడు చేశాడు కాబట్టి అంత చిన్న బొమ్మలో కూడా నడక మిగిలింది.

మెరీనాలో నలుగురు

మద్రాసు వెళ్ళినప్పుడల్లా మెరీనాలో ఉత్తరం కొసన యూనివర్సిటీకి ఎదురుగా ఉన్న, ఆయన చేసిన శ్రామికుల విగ్రహం దగ్గర కాసేపు ఆగుతాను. అక్కడివాళ్ళు 'ఉళైప్పాళర్ సిలై' అంటారు. 1959 జనవరి 25న ఆవిష్కరించారు. 1923లో సింగారవేలు చెట్టియార్ మన దేశంలో మొదటి మే డే జరిపింది ఆ ఊళ్ళోనే, ఆ తీరం మీదే. ఆ కూలీలకు అంతకంటే తగిన చోటు దొరకదు.

నలుగురు మగవాళ్ళు, గడకర్రలు, ఒక బండరాయి. అంతే శిల్పం. ఒంటి మీద బట్ట నామమాత్రం. రాయిని కదిలించాలని నలుగురూ ఒళ్ళంతా పెట్టి తోస్తున్నారు. సముద్రం వైపు నుంచి, వెనకగా నిలబడి చూడమని ఎవరికైనా చెబుతాను. నేలలో తన్నిపెట్టిన పాదం దగ్గర బలం మొదలవుతుంది. పిక్కలోకి, తొడలోకి, నడుములోకి ఎక్కి, వీపు మీదుగా భుజానికి వచ్చి చేతుల్లోంచి కర్రలోకి, కర్రలోంచి రాయిలోకి పోతుంది. ఆ దారి ఎక్కడా తెగదు. ఫొటో తీసుకుని నలుగురి తలల మీదా వేలు పెట్టి మూసి చూడండి. అయినా వాళ్ళేం చేస్తున్నారో, ఎంత అలసిపోయారో తెలుస్తుంది. మన విగ్రహాల్లో ఎన్నింటికి తల మూసి చూస్తే ఏమైనా మిగులుతుంది?

ఆ శిల్పానికి ఆయన పాఠం చెప్పిన ఆర్ట్ స్కూలు వాచ్‌మన్ ఒకాయన, విద్యార్థి ఒకతను మోడళ్ళుగా నిలబడ్డారని చెబుతారు. నాకు ఆ మాట బాగా నచ్చుతుంది. మద్రాసు మహానగరం ముఖద్వారంలా ఉన్న చోట నాయకుడు కాని మనుషులు కంచులో నిలబడి ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎవరూ అడగరు, పోలిక కుదిరిందా అని తగువుపడరు. ఎవరి మనవడూ వచ్చి నవ్వు రాలేదనడు. అందువల్లే శిల్పికి ఒంటి మీద పనిచేసే స్వేచ్ఛ దొరికిందేమో అనిపిస్తుంది.

పాట్నాలో సెక్రటేరియట్ ఎదుట ఆయన చేసిన అమరవీరుల స్మారకం కూడా ఇలాంటిదే. 1942 ఆగస్టు 11న జెండా ఎగరేయడానికి వెళ్ళి పోలీసు కాల్పుల్లో పోయిన ఏడుగురు కుర్రవాళ్ళు. నిలువెత్తు కంచు బొమ్మలు, ఇటలీలో పోత పోయించి తెచ్చారు, 1956లో ఆవిష్కరణ జరిగింది. ముందువాడి చేతిలో జెండా ఉంటుంది. వెనక కొందరు కూలిపోతుంటారు, కొందరు ఇంకా ముందుకు వస్తుంటారు. తూటా తగిలిన ఒళ్ళు ఎలా మడతపడుతుందో, దాని పక్కనే తగలని ఒళ్ళు ఎలా బిగుసుకుంటుందో ఒకే వరుసలో కనిపిస్తుంది.

బడిలోనే కార్ఖానా

దేవీప్రసాద్ పుట్టింది 1899లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్ దగ్గర తాజ్‌హాట్‌లో, జమీందారీ కుటుంబంలో. చిత్రకళ అవనీంద్రనాథ్ టాగోర్ దగ్గర, శిల్పం హిరణ్మయ్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకున్నారు. కుస్తీ పట్టేవారు, వేటకు వెళ్ళేవారు, వేణువు వాయించేవారు, కథలు రాసేవారు. కుస్తీ సంగతి ఊరికే చెప్పడం లేదు. ఎదుటి మనిషి బరువు తన భుజం మీద ఎలా పడుతుందో గోదాలో తెలుసుకున్నవాడికి మట్టిలో కండ ఎక్కడ ఉబ్బాలో పుస్తకం చెప్పక్కర్లేదు.

1929లో ఆయన మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌కి అధిపతిగా వచ్చారు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టిన ఆ బడికి అప్పటిదాకా దొరలే పెద్దలు. ఈ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఈయనే. 1957 దాకా ఉన్నారు. మనకు 1953 దాకా మద్రాసే రాజధాని కాబట్టి బొమ్మలు నేర్చుకోవాలనుకున్న తెలుగు కుర్రాళ్ళు పూనమల్లి హైరోడ్డు మీద ఆ గేటు దగ్గరికే వెళ్ళేవారు. అంట్యాకుల పైడిరాజు అక్కడ చదివి విజయనగరం తిరిగొచ్చి చిత్రకళాశాల నడిపారు. కె. శ్రీనివాసులు అక్కడ చదివి కళాక్షేత్రలో పిల్లలకు నేర్పారు. మన ఉత్తరాంధ్రలో బొమ్మలేసే కుర్రాడికి పైడిరాజు గారి బడి ఎంత ఆసరాగా ఉండేదో ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

అంతకుముందు ఆ బడి ఎక్కువగా చేతిపనుల బడి: లోహప్పని, వడ్రంగం, నగల డిజైన్లు. దేవీప్రసాద్ దాన్ని చిత్రకళ, శిల్పం వైపు తిప్పారు. మనిషిని ఎదురుగా నిలబెట్టి చూసి గీయడం, చూసి కట్టడం పాఠానికి మధ్యలోకి తెచ్చారు. అన్నిటికంటే ముఖ్యం, తన స్టూడియో బడి ఆవరణలోనే పెట్టుకున్నారు. పెద్ద పెద్ద శిల్పాలు విద్యార్థుల కళ్ళ ముందు తయారయ్యేవి.

దీని విలువ శిల్పం పని తెలియనివాళ్ళకు అంత సులభంగా తట్టదు. పెద్ద విగ్రహం అంటే ముందు ఇనప కడ్డీలతో చట్రం కడతారు. భంగిమ అంతా అందులోనే ఉంటుంది. నడుము ఎటు తిరిగింది, బరువు ఏ మడమ మీద పడింది అన్నది అక్కడే తేలిపోతుంది. చట్రం తప్పైతే పైన ఎంత బంకమట్టి మెత్తినా బొమ్మ నిలబడదు. తర్వాత మట్టి. ముందు ఒంటిని కట్టి, ఆ ఒంటి మీద బట్ట వేస్తారు. పంచె మడతలు మోకాలి దగ్గర ఎందుకు బిగుస్తాయో, తొడ పక్కన ఎందుకు వదులవుతాయో లోపలున్న కాలు చెబుతుంది. మట్టి ఎండకుండా తడిగుడ్డలు కప్పుకుంటూ నెలల తరబడి పని. అది పూర్తయ్యాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు, అచ్చులోంచి ప్లాస్టర్ బొమ్మ, దాన్నిబట్టి కంచు పోత. వీటిలో ప్రతి మెట్టు దగ్గరా గురువు ఏమనుకున్నాడు, ఎక్కడ కూలగొట్టి మళ్ళీ మొదలుపెట్టాడు అన్నది శిష్యుడు చూడాలి. నోట్సులో రాసుకునే విద్య కాదది.

ఎదురుగా మనిషి నిలబడితే ఏం నేర్చుకుంటారో నా క్లాసులోనే చూశాను. ఒక పిల్లాణ్ణి నిలబెట్టి మిగతావాళ్ళను గీయమనేవాణ్ణి. మొదట్లో అందరూ రెండు కాళ్ళూ సమానంగా, చేతులు వేలాడేసిన బొమ్మే వేసేవారు. నిలబడ్డవాడు అలిసిపోయి ఒక కాలి మీదకు బరువు మార్చగానే, "సార్, వాడి నడుం వంకరైంది" అని ఒకడు అరిచేవాడు. ఆ కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ఒకసారి అది చూసిన పిల్లాడు ఆ తర్వాత కట్టెపుల్లలాంటి మనిషిని వేయలేడు. నేను రిటైరయ్యాక మా బడిలో ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది.

మొండేల వరుస

ఆ మధ్య మా వైపు ఒక విగ్రహాల వర్క్‌షాపుకి వెళ్ళాను. షెడ్డు వెనకాల ఫైబర్ మొండేలు వరుసగా పెట్టి ఉన్నాయి. లాల్చీ పంచె కట్టినవి కొన్ని, కోటు వేసుకున్నవి కొన్ని. కుడిచెయ్యి ఎత్తి నమస్కారం పెట్టేది ఒక రకం, వేలు చూపేది ఇంకో రకం. తలలు వేరే చోట ఉన్నాయి. ఆర్డరు వస్తే ముఖం ఒక్కటే కొత్తగా మట్టిలో చేసి, అచ్చు తీసి, సిద్ధంగా ఉన్న మొండేనికి అతికిస్తారు. పైన బంగారు రంగు.

అక్కడి మేస్త్రి మంచి పనివాడు. ముఖం చేస్తుంటే చూశాను, రెప్ప కింద ముడతను బొటనవేలి గోరుతో తెచ్చేశాడు. "ఒళ్ళు కూడా ప్రతిసారీ కొత్తగా చేయొచ్చుగా?" అని అడిగాను. "మేష్టారూ, రేటు అడుగుల లెక్కన ఇస్తారు. జయంతికి ఇరవై రోజుల ముందొచ్చి ఆర్డరిస్తారు. పార్టీవాళ్ళు వచ్చి ముఖం చూసుకుని వెళ్ళిపోతారు. కింద ఎవరు చూస్తారండీ?" అన్నాడు. కాసేపాగి, "మా నాన్న దగ్గర నేర్చుకున్నా. మోడల్ని పెట్టి చేయడం ఎప్పుడూ చూడలేదు" అన్నాడు.

ఈ మనిషిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తెనాలిలో, కొత్తపేటలో తరాలుగా ఈ పని చేస్తున్న కుటుంబాల్లో ఎంత నైపుణ్యం ఉందో నాకు తెలుసు. తప్పు ఆర్డరిచ్చేవాళ్ళది, అంటే మనది. మనం అడిగేవి మూడే: ఎత్తెంత, ఎప్పటికిస్తారు, పోలిక కుదిరిందా. హైదరాబాదులో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు లేచాయి. అవి నిలబెట్టాలన్న కోరిక న్యాయమైనదే, నేనూ వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను. హైదరాబాదు విగ్రహానికి రూపకల్పన చేసిన రామ్ సుతార్ మహారాష్ట్రలో పుట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివిన శిల్పి, నోయిడాలో స్టూడియో నడిపారు. ఆయన గొప్పతనంలో నాకు సందేహం లేదు. నా బాధల్లా, ఆయన వెనక ఒక బడి ఉంది, ఆ బడిలో మనిషిని చూసి కట్టే పాఠం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో వీధి వీధికీ విగ్రహం పెట్టుకునే మనం అలాంటి పాఠాన్ని పెంచుకోలేదు.

ఎదురు మాటలు

నా స్నేహితుడొకాయన ఆలయ శిల్పం బాగా తెలిసినవాడు. ఈ వాదన వినగానే, "మోడల్ని చూసి కట్టడం దొరల విద్య. మన స్థపతికి, అంటే గుడి శిల్పికి, ఒంటి కొలతల లెక్క తాళమానం ఉంది, దేవుడి రూపం చెప్పే ధ్యానశ్లోకం ఉంది. నవతాళంలో, అంటే ముఖానికి తొమ్మిదింతల ఎత్తులో, లెక్క సరిపోతే బొమ్మ దానంతట అదే నిలుస్తుంది" అన్నాడు. దీన్ని తేలిగ్గా తోసేయలేను. దేవుడి విగ్రహానికి ఆయన చెప్పింది సరైనదే. దేవుడికి అలసట ఉండదు, బరువు మోయడు, ఆ ఒళ్ళు ఎవరి ఒళ్ళూ కాకూడదు. కానీ మనం కూడలిలో పెడుతున్నది దేవుణ్ణి కాదు. జైలుకెళ్ళిన మనిషిని, ఊరూరా తిరిగి కాళ్ళు వాచిన మనిషిని, నాగలి పట్టిన మనిషిని.

పైగా మన పాత శిల్పంలో బరువు లేదని ఎవరన్నారు? దేవీప్రసాద్ బడి నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే ఎగ్మూరు మ్యూజియం, అందులో మన అమరావతి రాళ్ళు. నలగిరి ఏనుగు బుద్ధుడికి లొంగిపోయే కథ చెక్కిన గుండ్రని రాతి పతకం ముందు నిలబడండి. మదమెక్కిన ఏనుగు వీధిలో పడి తొక్కుతుంటే ఒకణ్ణి తొండంతో పట్టేసింది. జనం పక్కకు తొలగుతున్నారు. ఒకామె భయంతో పక్కమనిషిని పట్టుకుని వెనక్కి ఒరిగింది. అదే రాతిలో ఇంకో పక్క ఆ ఏనుగే బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడ మీద కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళున్నారు. ఆ వెనక్కి ఒరిగిన నడుమును చెక్కినవాడు భయపడ్డ మనిషిని కళ్ళారా చూసి ఉండాలి. కృష్ణా తీరంలో దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే ఉన్న చూపును దొరల సొత్తంటే నేను ఒప్పుకోను.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే ఎదురు మాట ఇంకొకటి ఉంది. ఈ చదువు అంత గొప్పదైతే ఆయన శిష్యులే దాన్ని ఎందుకు వదిలేశారు? ప్రదోష్ దాస్ గుప్తా, పరితోష్ సేన్, గోపాల్ ఘోష్ మద్రాసులో చదివి వెళ్ళి 1943లో కలకత్తా గ్రూపు అనే కళాకారుల బృందం కట్టారు, కొత్త దారి పట్టారు. ఆయన తర్వాత ప్రిన్సిపాల్ అయిన కె.సి.ఎస్. పణిక్కర్ చివరికి అంకెలు, అక్షరాలు, జాతకచక్రాల్లాంటి గీతలతో బొమ్మలు వేశారు. 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని కట్టారు. శిల్పి ధనపాల్ రూపాన్ని కుదించి, కండను వదిలేసి చేశారు. గురువుగారి కంచు కండలు ఎవరూ కొనసాగించలేదు.

చాలాకాలం దీన్ని ఆయన ఓటమిగా లెక్కేసేవారిని విన్నాను. నా లెక్క వేరు. ధనపాల్ శిల్పంలో అవయవాలు ఎంత తగ్గినా బొమ్మ నేల మీద గట్టిగా కూర్చుంటుంది. ఏది తీసేస్తే నిలుస్తుందో తెలియాలంటే ముందు అదంతా ఉండాలి. ముప్పై ఏళ్ళలో తనలాంటి వాళ్ళను డజన్ల కొద్దీ తయారుచేసిన మాస్టారు కంటే, తనకు ఏ పోలికా లేని ఇంతమందిని పంపినాయన పెద్ద మాస్టారు. మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో 'ఫిగర్ (మనిషి బొమ్మ) పాతబడిపోయింది, ఐడియా చెప్పు' అనే మాట ఇప్పుడు వినిపిస్తోంది. వదిలేయడానికైనా చేతిలో ఉండాలి కదా అని అడగాలనిపిస్తుంది.

ఇంకో అనుమానం నాలో నాకే ఉంది. మెరీనా కూలీల ఒళ్ళు చూస్తే మల్లయోధుల్లా ఉంటారు. నిజంగా రాళ్ళెత్తే మనిషి అలా ఉండడు. సన్నగా, నరాలు తేలి, వయసుకు ముందే ఒంగిపోయి ఉంటాడు. కూలీని వీరుడిగా చూపించి అతని ఆకలిని దాచేశారా? కొంతవరకు అవునేమో. కుస్తీ ఒళ్ళంటే ఆయనకున్న మోజు అక్కడ పనిచేసింది. కానీ కరువు మీద ఆయన చేసిన 'ఆకలి బాధితులు' పక్కన పెట్టి చూస్తే ఆ చేతికి ఎండిపోయిన ఒళ్ళు కూడా తెలుసని ఒప్పుకోవాలి. బ్రిటిష్ వాళ్ళ దగ్గర 1937లో ఎం.బి.ఇ. బిరుదు పుచ్చుకున్న మనిషే పాట్నా కుర్రాళ్ళను చేశాడని దెప్పేవాళ్ళూ ఉన్నారు. ప్రభుత్వ బడిలో ఉద్యోగం చేస్తూ శిల్పం చేసినవాడి బతుకు అది. 1954లో లలిత కళా అకాడమీ పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడూ ఆయనే, 1958లో పద్మభూషణ్ ఇచ్చిందీ ఆయనకే. ఆ బిరుదుల జాబితాతో నాకు పెద్దగా పని లేదు.

నేను అడిగేది

మనకు బళ్ళు లేక కాదు. హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉంది, తెలుగు విశ్వవిద్యాలయంలో శిల్పం చెబుతారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, తిరుపతిలో సంప్రదాయ శిల్పానికి దేవస్థానం వారి సంస్థ ఉంది. వీధి విగ్రహాల ఆర్డర్లు మాత్రం ఆ గేట్లు దాటి లోపలికి వెళ్ళవు. దేవీప్రసాద్ చేసిన ఏర్పాటులో కీలకం ఇదే: జనం డబ్బుతో చేసే విగ్రహం బడిలో, విద్యార్థుల మధ్య తయారైంది. పాఠం వేరు, పని వేరు కాలేదు.

మున్సిపాలిటీలు, ప్రభుత్వాలు పెట్టే విగ్రహాల్లో ఏడాదికి కొన్నయినా ఈ కాలేజీల శిల్ప విభాగాలకు ఇవ్వాలి. చేయడానికి కనీసం ఏడాది గడువివ్వాలి. రేటు అడుగుల లెక్కన కట్టడం మానేయాలి. నేను చూసిన మేస్త్రిలాంటి వాళ్ళను వాళ్ళ చేతిపని చెప్పడానికి జీతమిచ్చి ఆ క్లాసుల్లోకి పిలవాలి, అక్కడ మోడల్ని చూసి కట్టే పాఠం వాళ్ళకూ అందాలి. మోడల్‌గా నిలబడేవాళ్ళకు గౌరవమైన కూలీ ఇవ్వాలి. అది వాచ్‌మన్ కావచ్చు, హమాలీ కావచ్చు, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు కావచ్చు. మట్టి నమూనా అయ్యాక జనాన్ని పిలిచి చూపించేటప్పుడు, వచ్చినవాళ్ళను ముఖం దగ్గరే నిలబడనివ్వకుండా చుట్టూ తిప్పి వెనక నుంచి కూడా చూపించాలి. పోలిక గురించి అప్పుడు కూడా అడుగుతారు, అడగనివ్వండి. పాదం నేలను పట్టుకుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.